ఎర్ర ఉచ్చ కోసం ఎదురుచూడొద్దు: మద్రాసు వేటకుక్కల నుంచి బోధన్ చెరుకు చేన్ల దాకా

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. మీ కుక్కకు టిక్ ఫీవర్ వచ్చింది, అది కిడ్నీ దాకా పోయింది అని మీకెట్లా తెలుస్తది? నిజామాబాద్‌లో అడిగినా, బోధన్‌లో అడిగినా నాకు ఎక్కువగా వినబడే జవాబు ఒకటే: "ఉచ్చ ఎర్రగా వస్తది కదా అన్నా." ఈ జవాబు అబద్ధం కాదు, కానీ సగమే నిజం. మిగతా సగం తెలియక, ఉచ్చ పచ్చగానే ఉంది కదా అని ధీమాగా కూర్చునేటోళ్ల కుక్కలే ఎక్కువ నష్టపోతయి.

అసలు ఈ "ఎర్ర ఉచ్చ" అనే గుర్తు మన బుర్రల్లోకి ఎక్కడి నుంచి వచ్చింది? దీని వెనక దాదాపు 140 ఏళ్ల చరిత్ర ఉంది. అందులో ఒక ముఖ్యమైన మలుపు మన దక్షిణాదిలోనే, మద్రాసులో జరిగింది. ఆ కథ చెప్పుకుంటూ కిడ్నీ దగ్గరికి వద్దాం.

ముందు పశువులు, తర్వాత కుక్కలు

1888లో రొమేనియాలో విక్టర్ బాబెష్ అనే శాస్త్రవేత్త ఎర్రగా ఉచ్చ పోసి చచ్చిపోతున్న పశువుల రక్తాన్ని మైక్రోస్కోపులో చూశాడు. ఎర్ర రక్తకణాల లోపల చిన్న చిన్న క్రిములు కనబడ్డయి. ఆయన వాటిని బ్యాక్టీరియా అనుకున్నాడు. అవి బ్యాక్టీరియా కాదు, మలేరియా క్రిమి లాంటి ఏకకణ పరాన్నజీవులు అని తర్వాత తేలింది. అయినా ఆయన పేరే వాటికి నిలిచిపోయింది. వాటినే ఇవాళ బబేసియా అంటున్నం.

1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, ఫ్రెడ్ కిల్‌బోర్న్ ఇంకో పెద్ద సంగతి తేల్చారు. టెక్సాస్ పశువుల జ్వరాన్ని ఒక జంతువు నుంచి ఇంకో జంతువుకు మోసుకుపోయేది గోమారి. గోమారి అంటే మనకు తెలిసిందే, కోస్తా వాళ్లు పిడుదు అంటరు. గోమార్లు, పురుగుల లాంటి జీవి ఒక క్రిమిని లోపల పెంచి, కుట్టి, జబ్బు అంటిస్తదని గట్టి ప్రయోగాలతో రుజువు చేసిన తొలి పనుల్లో ఇదొకటి. మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది 1897 ఆగస్టు 20న. అంటే రాస్ కన్నా 4 ఏళ్ల ముందే గోమారి దొరికిపోయింది. రాస్ పేరు మన స్కూలు పుస్తకాల్లో ఉంటది, స్మిత్ పేరు ఉండదు. పశువుల జబ్బుకు అంత విలువ ఇయ్యరు మరి.

కుక్కల వంతు 1895లో వచ్చింది. ఇటలీలో పియానా, గల్లీ-వలేరియో అనే ఇద్దరు ఒక వేటకుక్క రక్తంలో ఇట్లాంటి క్రిమినే చూశారు. 1901లో దక్షిణాఫ్రికా కేప్ కాలనీలో చార్లెస్ లౌన్స్‌బరీ, కుక్కల్లో వచ్చే ప్రాణాంతకమైన కామెర్ల జబ్బును గోమారే మోస్తుందని చూపించాడు.

ఇక్కడ ఒకటి గమనించండి. రొమేనియాలో ఎర్ర ఉచ్చ, దక్షిణాఫ్రికాలో కామెర్లు. జబ్బుకు పేర్లన్నీ కంటికి కనిపించే రంగులను బట్టి పడ్డయి. డాక్టర్లకైనా, కుక్కను సాకేటోళ్లకైనా "రంగు మారితేనే జబ్బు" అనే అలవాటు అక్కడి నుంచే మొదలైంది.

మద్రాసు, 1910

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 1910లో మన నిజామాబాద్ నిజాం రాజ్యంలో ఉండేది. కోస్తా ఆంధ్ర, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. ఆ మద్రాసులో ఇంగ్లీషు దొరలకు "మద్రాస్ హంట్" అని ఒక వేట సంఘం ఉండేది. గుర్రాల మీద పోయి, కుక్కల గుంపును ముందు వదిలి వేటాడటం వాళ్ల సరదా. ఇంగ్లండులో నక్కజాతిలో ఎర్రగా ఉండే ఫాక్స్‌ను వేటాడేటోళ్లు. ఇక్కడ అది లేదు కాబట్టి జాకల్‌ను వేటాడేవారు. జాకల్ అంటే మనం మామూలుగా నక్క అనేదే. గుంటనక్క వేరే జంతువు.

గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వాల్టర్ స్కాట్ ప్యాటన్ అనే ఇండియన్ మెడికల్ సర్వీస్ డాక్టర్ పనిచేసేవాడు. ఈ వేటకుక్కల రక్తంలో ఆయనకు ఒక కొత్త క్రిమి కనబడ్డది. అంతకుముందు కుక్కల్లో చూసినవి ఎర్రకణం లోపల జామపండు ఆకారంలో, జంట జంటగా, కొంచెం పెద్దగా ఉండేవి. ఇది చాలా చిన్నది, ఎక్కువగా ఉంగరం ఆకారంలో ఉంది. దానికి ఆయన పైరోప్లాస్మా గిబ్సోని అని పేరు పెట్టి 1910లో ప్రకటించాడు. ఇప్పుడు దాన్ని బబేసియా గిబ్సోని అంటున్నం. ప్రపంచంలో ఎక్కడ ఏ కుక్కకు ఈ క్రిమి సోకినా, ఆ పేరు మొదలైంది మద్రాసులోనే.

ప్యాటన్ అక్కడితో ఆగలేదు. వేటకుక్కలు వేటాడే నక్కల రక్తం కూడా చూశాడు. వాటిలోనూ అదే క్రిమి ఉంది! అంటే జబ్బు దొరల కుక్కలతో పుట్టింది కాదు. ఇక్కడి నక్కల్లో, ఇక్కడి గోమార్లలో అది ముందే కాపురం ఉంది. బయటి నుంచి తెచ్చిన వేటకుక్కలు ఆ కాపురంలోకి వచ్చి పడ్డయి.

గోమారి పాత్రను తేల్చడానికి ఇంకో ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. 1933లో సేన్, 1937లో స్వామినాథ్, షార్ట్ ఈ క్రిమిని మోసే గోమారి గురించి పరిశోధనలు ప్రచురించారు. ఈ స్వామినాథ్, షార్ట్ పేర్లు గుర్తుపెట్టుకోండి. మనుషుల్లో కాలా అజార్‌ను శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ అంటిస్తదని 1942లో రుజువు చేసిన జట్టులోనూ వీళ్లే ఉన్నారు.

ఇక్కడ నాకు ఒక విషయం గుచ్చుకుంటది. మద్రాసు వీధుల్లో కుక్కలు అంతకు ముందూ ఉన్నయి, గోమార్లూ ఉన్నయి. దొరల వేటకుక్కల దాకా వచ్చినంకనే క్రిమికి పేరు వచ్చింది. ఎవరి కుక్క అనేదాన్ని బట్టి జబ్బు కనబడటం, కనబడకపోవడం ఆనాడూ ఉంది, ఈనాడూ ఉంది.

బోధన్ చెరుకు చేను, నక్క, లాబ్రడార్

ఇదంతా నిజామాబాద్‌కు ఎట్లా కలుస్తది? చూడండి. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయ్యింది. కాల్వ నీళ్లు వచ్చినంక బోధన్ చుట్టూ చెరుకు పెరిగింది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. మెట్ట పంటల నేల ఏడాది పొడుగునా పచ్చగా, తడిగా ఉండే చెరుకు చేను అయ్యింది. మనిషెత్తు దాటిన చెరుకులో ఎలుకలు, పందికొక్కులు, వాటి కోసం నక్కలు. చెరుకు కొట్టేటప్పుడు చేనులోంచి నక్క ఉరికిన కథ బోధన్ దిక్కు పెద్దమనుషులను ఎవరినడిగినా చెప్తరు. ఆ చేను గట్ల మీదనే కాపలా కుక్కలు, ఎడ్లు, మేకలు. గోమారికి ఇంతకంటే మంచి అడ్డా ఏముంటది?

ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డది. చెరుకు చాలా మటుకు తగ్గి వరి, సోయా, పసుపు వచ్చినయి. అయినా నక్క పోలేదు, ఊరకుక్క పోలేదు, గోమారి అసలే పోలేదు. పైగా టౌనులో ఒక కొత్త మార్పు వచ్చింది. వినాయక్‌నగర్ దిక్కు పోయినా, ఏ కొత్త కాలనీకి పోయినా ఇంటికో లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, కొందరి దగ్గర మంచు దేశపు హస్కీ కూడా కనబడుతయి. 1910లో మద్రాసులో జరిగింది ఇదే కదా! ఈ క్రిమిని తరతరాలుగా చూడని జాతి కుక్కను తెచ్చి, అది ఎప్పటి నుంచో కాపురం ఉన్న నేల మీద వదలడం. తేడా ఒక్కటే. అప్పుడు వేట సంఘం చేసింది, ఇప్పుడు మనమందరం చేస్తున్నం.

అట్లని ఊరకుక్కకు ఏమీ కాదనుకోవద్దు. చిన్నప్పుడే సోకి బతికి బయటపడ్డ కుక్క చాలాసార్లు క్రిమిని ఒంట్లో మోస్తూనే పైకి బాగా తిరుగుతది. ముసలితనం, ఈత, ఇంకో జబ్బు వచ్చి బలం తగ్గినప్పుడు మళ్లీ బయటపడుతది. ఈ క్రిమి గోమారితోనే కాదు, కుక్కలు కొట్లాడుకుని కరుచుకున్నప్పుడు, రక్తం ఎక్కించినప్పుడు, తల్లి కడుపులోంచి పిల్లలకు కూడా పోతది. 1979లో అమెరికాలోని కనెక్టికట్‌లో ఈ క్రిమి కనబడ్డప్పుడు, ఉత్తర అమెరికాకు కొత్త క్రిమి అని 'సైన్స్' పత్రికలో రాశారు. తర్వాత అక్కడ ఎక్కువగా పట్టుబడ్డది పందేలకు వాడే పిట్‌బుల్ జాతుల్లో. కాట్ల ద్వారా అంటుకుంటదనే సంగతి అక్కడ బాగా తెలిసొచ్చింది.

కిడ్నీలో జరిగేది

ఇప్పుడు అసలు సంగతి. క్రిమి ఉండేది రక్తకణంలో. మరి చెడిపోయేది కిడ్నీ ఎందుకు?

దీనికి రెండు దారులున్నయి. మొదటిది రంగు కనిపించే దారి. క్రిములు కణాలను రక్తనాళంలోనే పగలగొడితే లోపలి హిమోగ్లోబిన్ బయటపడుతది. మామూలుగా దాన్ని పట్టుకోవడానికి రక్తంలో హాప్టోగ్లోబిన్ అనే ప్రోటీన్ ఉంటది. అది అయిపోయినంక మిగిలిన హిమోగ్లోబిన్ కిడ్నీ జల్లెడ దాటి సన్నటి గొట్టాల్లోకి దిగుతది. ఉచ్చ ఎర్రగానో, కాఫీ డికాషన్ రంగులోనో వస్తది. ఆ గొట్టాల కణాలకు అది విషం లాంటిది. పైగా రక్తం తగ్గి, బీపీ పడిపోయి కిడ్నీకి ప్రాణవాయువు అందదు. అన్నీ కలిసి ఒకేసారి దెబ్బకొడుతయి. యూరప్‌లో, దక్షిణాఫ్రికాలో ఉండే పెద్ద బబేసియాల్లో ఈ తీరు ఎక్కువ.

రెండోది రంగు లేని దారి. మన చిన్న బబేసియా గిబ్సోని ఎక్కువగా ఈ దారిలోనే పోతది. ఇందులో చాలా ఎర్రకణాలు రక్తనాళంలో కాకుండా ప్లీహంలో, కాలేయంలో నాశనమైతయి. ఒంటి రక్షణ వ్యవస్థే తన కణాలను క్రిమి అనుకుని తినేస్తది. హిమోగ్లోబిన్ ఉచ్చలోకి పెద్దగా దిగదు. జ్వరం వచ్చి పోతది, వచ్చి పోతది. కుక్క డల్‌గా ఉంటది, చిగుళ్లు తెల్లబడుతయి, ప్లేట్‌లెట్లు పడిపోతయి. ఉచ్చ పచ్చగానే ఉంటది, మహా అయితే ముదురు పసుపు.

ఈలోపల రక్తంలో ఇంకో పని నడుస్తుంటది. క్రిమి ముక్కలు, వాటి మీదికి పోయిన యాంటీబాడీలు ముద్దలు ముద్దలుగా కలిసి తిరుగుతూ కిడ్నీ జల్లెడలో ఇరుక్కుంటయి. ఆ జల్లెడను గ్లోమెరులస్ అంటరు. ముద్దలు ఇరికిన చోట వాపు వస్తది, జల్లెడ కన్నాలు పెద్దవైతయి, ఒంట్లో ఉండాల్సిన ప్రోటీన్ ఉచ్చలోకి కారిపోతది. కారే ప్రోటీన్‌కు రంగు లేదు. మీ కంటికి ఏమీ కనబడదు.

ఇదేదో బబేసియాకు మాత్రమే ఉన్న వింత కాదు. మధ్యధరా దేశాల్లో కుక్కలకు లీష్మానియా అనే ఇంకో పరాన్నజీవి సోకుతది. 1908లో ట్యూనిస్‌లో ఛార్లెస్ నికోల్ దాన్ని కుక్కల్లో చూశాడు. ఆ జబ్బుతో చనిపోయే కుక్కల్లో ముఖ్యమైన కారణం కిడ్నీ ఫెయిల్యూరే. అక్కడా ఇదే తీరు: జల్లెడలో ఇరుక్కున్న ముద్దలు, రంగు లేని ప్రోటీన్ కారడం. మన దేశంలో కాలా అజార్‌కు కుక్క ద్వారా వ్యాపించే చరిత్ర లేదు కాబట్టి ఆ భయం మనకొద్దు. కానీ పరాన్నజీవి కిడ్నీని చప్పుడు లేకుండా తినగలదు అనే పాఠం మాత్రం అదే.

సరే, రక్తపరీక్షలో క్రియాటినిన్ చూస్తే తెలుస్తది కదా అంటరు. నేను బీటెక్ అయినంక కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసిన. మా దగ్గర నాలుగు సర్వర్లు పెడితే, రెండు పడిపోయినా మిగిలిన రెండూ లోడ్ మోస్తయి, యాప్ వాడేటోళ్లకు తేడా తెల్వదు. కిడ్నీ కూడా అంతే. కుక్క ఒక్కో కిడ్నీలో సుమారు 4 లక్షల నెఫ్రాన్లు ఉంటయి. వాటిలో దాదాపు 75 శాతం పని పోయినంక గానీ క్రియాటినిన్ లెక్క గట్టిగా పెరగదు. ఆ అలారం మోగేసరికి నాలుగు సర్వర్లలో మూడు పోయినట్టే. పోయిన నెఫ్రాన్ మళ్లీ మొలవదు.

అందుకే క్రియాటినిన్ కన్నా ముందు చూడాల్సింది ఉచ్చలో ప్రోటీన్. ఉచ్చలో ప్రోటీన్‌ను, క్రియాటినిన్‌ను కొలిచి నిష్పత్తి తీస్తరు. యూపీసీ అని రాస్తరు. వేరే ఇన్ఫెక్షన్ లేని ఉచ్చలో అది మళ్లీ మళ్లీ 0.5 దాటుతుంటే జల్లెడ కారుతున్నట్టు అనుమానించాలి.

మందుల చరిత్రలో ఒక పాఠం

క్రిమి దొరికినంక మందుల వేట మొదలైంది. 1909లో కేంబ్రిడ్జ్‌లో నట్టల్, హాడ్వెన్ ట్రిపాన్ బ్లూ అనే నీలి రంగు అద్దకం కుక్కల పెద్ద బబేసియా మీద పనిచేస్తదని చూపించారు. కుక్క బతికేది, కానీ చర్మం, కండ నీలంగా మారేవి. మన చిన్న క్రిమి మీద అది పనిచేయదు. 1912లో సైమన్స్, ప్యాటన్ కలిసి సాల్వర్సాన్ అనే ఆర్సెనిక్ మందు ఈ గిబ్సోని మీద ఎట్లా పనిచేస్తదో రిపోర్టు రాశారు. అప్పటికి అది మనుషుల సిఫిలిస్‌కు కొత్తగా వచ్చిన మందు.

1950ల్లో డైమినజీన్ వచ్చింది. పశువుల డాక్టర్ల దగ్గర బెరెనిల్ పేరు మీరు వినే ఉంటరు. జ్వరం దిగుతది, కుక్క లేచి తింటది, కానీ గిబ్సోని చాలాసార్లు పూర్తిగా పోదు, మళ్లీ తిరగబెడుతది. మోతాదు మించితే మెదడుకు దెబ్బ. తర్వాత వచ్చిన ఇమిడోకార్బ్ పెద్ద బబేసియాకు బాగా పనిచేస్తది, చిన్నదానికి అంతగా కాదు. మోతాదు మించితే అది కిడ్నీకే నష్టం చేస్తది. 2004లో అమెరికాలో అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి ఇస్తే గిబ్సోని మీద మంచి ఫలితం వచ్చిందని ప్రచురించారు. ఆ మందు ఖరీదు, పైగా దానికి లొంగని క్రిములు జపాన్‌లో అప్పుడే కనబడ్డయి. అందుకే చాలామంది డాక్టర్లు క్లిండామైసిన్, డాక్సీసైక్లిన్, మెట్రోనిడజోల్ లాంటి మందులు కలిపి కూడా వాడుతుంటరు.

ఈ వందేళ్ల లిస్టు చదివితే నాకు అర్థమైంది ఒకటి. ప్రతి మందూ "క్రిమి చచ్చిందా?" అన్న ప్రశ్నకే జవాబు వెతికింది. "కిడ్నీ మిగిలిందా?" అన్నది రెండో ప్రశ్న. జ్వరం తగ్గిన రోజే మనం మొదటి ప్రశ్నకు జవాబు దొరికిందని పండగ చేసుకుంటం. రెండో ప్రశ్న అడగం.

మరి మనం చేయాల్సింది

ఒకటి. గోమారి మీద రోజూ చెయ్యి పెట్టండి. చెవుల లోపల, వేళ్ల సందుల్లో, మెడ పట్టా కింద, తోక మొదట్లో వెతకండి. గోమారి అంటుకోగానే క్రిమిని ఎక్కించదు. మామూలుగా రెండు మూడు రోజులు రక్తం తాగినంకనే ఎక్కిస్తది. రోజూ తీసేస్తే ఆ అవకాశం బాగా తగ్గుతది. గోడ పగుళ్లు, గేటు మూలలు, కుక్క పడుకునే గోనెసంచి కూడా చూడండి. ఒక్క ఆడ గోమారి వేల గుడ్లు పెడుతది.

రెండు. కుక్క డల్‌గా ఉండి జ్వరం ఉంటే మెడికల్ షాపుకు పోయి మనుషుల జ్వరం గోలీ తెచ్చి వేయకండి. మన వైపు ఇది చాలా జరుగుతది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఇప్పటికే అలసిన కిడ్నీని ఇంకా ముంచుతయి. పారాసిటమాల్ కూడా డాక్టర్ చెప్పకుండా వద్దు.

మూడు. రక్తం చుక్కను స్లైడ్ మీద చూడమని అడగండి. ఈ క్రిమి చిన్నది, తక్కువగా ఉన్నప్పుడు స్లైడ్‌లో కనబడకపోవచ్చు. అప్పుడు పీసీఆర్ పరీక్ష ఉంటది. గోమారి ఎర్లీకియా అనే బ్యాక్టీరియాను కూడా మోస్తది, అది కూడా కిడ్నీ జల్లెడను చెడగొడుతది. రెండూ ఒకే కుక్కలో ఉండొచ్చు. మనకు దగ్గర్లో కోరుట్లలో, కొంచెం దూరంలో రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీలున్నయి. ఇక్కడ తేలకపోతే అక్కడికి పోవచ్చు.

నాలుగు, ఈ ఎపిసోడ్ మొత్తం దీని కోసమే. ట్రీట్‌మెంట్ అయిపోయి, కుక్క ఎగురుతున్నా సరే, కొన్ని వారాలకు ఒకసారి ఉచ్చ పరీక్ష చేయించండి. పొద్దున పోసే మొదటి ఉచ్చను శుభ్రమైన డబ్బాలో పట్టి ఇస్తే చాలు. నీళ్లు మామూలుకన్నా ఎక్కువ తాగుతుందా, ఎక్కువసార్లు పోస్తుందా, బరువు తగ్గుతుందా అని గమనించండి. ప్రోటీన్ కారుతుందని ముందే తెలిస్తే తిండి మార్చి, మందులిచ్చి ఉన్న నెఫ్రాన్లను కాపాడొచ్చు. ఏళ్ల తరబడి బతికించొచ్చు.

1888లో బాబెష్‌కు ఆ ఎర్ర రంగే దారి చూపింది. ఆ రోజుల్లో అంతకంటే వేరే దారి కూడా లేదు. 1910లో మద్రాసులో దొరికిన మన క్రిమి మాత్రం ఆ రంగు చూపించకుండానే పని కానిచ్చే రకం. ఇప్పుడు మన దగ్గర స్లైడ్ ఉంది, ఉచ్చ పరీక్ష ఉంది, పీసీఆర్ ఉంది. అయినా రంగు కోసమే కూర్చుంటే తప్పు క్రిమిది కాదు.

మీ ఇంట్లో గానీ, మీ గల్లీలో గానీ టిక్ ఫీవర్ నుంచి కోలుకున్న కుక్క ఉంటే, ఈ వారంలో దాని ఉచ్చ పరీక్ష చేయించండి. వీధికుక్క అయితే పదిమంది తలా కొంచెం వేసుకుంటే ఖర్చు పెద్దదేం కాదు. వచ్చే ఎపిసోడ్‌లో నిజాంసాగర్ కాల్వల కింద పశువుల్లో వచ్చే లివర్ ఫ్లూక్ కథ చెప్పుకుందాం.